హైదరాబాద్ నుంచి కువైట్ నాలుగు ముప్పావు గంటలు, మరి రాజోలు నుంచి?

"ఎంత దూరమండీ? ఎంతసేపడుద్దండీ?"

మా షాపులో టికెట్ రేటు కంటే ముందు వినపడే మాటలివి. రాజోలు సెంటర్లో మాది టికెట్ల షాపు. విమానం, రైలు, బస్సు టికెట్లతో పాటు పాస్‌పోర్టు అప్లికేషన్లు, ఫోటోలు, జిరాక్సులు కూడా చేస్తాం. మా ఆయన పెట్టిన షాపు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కౌంటర్లో నేనే కూర్చుంటున్నాను. ఈ చుట్టుపక్కల మండలాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్, దోహా వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఆడమనిషి కూర్చున్న షాపు అయితే నాలుగు మాటలు ఎక్కువ అడగొచ్చని వాళ్ళకి ధైర్యం.

దూరం, టైము తెలుసుకోవడానికి ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు అనిపిస్తుంది. ఫోనులో రెండు ఊళ్ళ పేర్లు కొడితే వచ్చేస్తుంది. హైదరాబాద్ నుంచి కువైట్ 3,370 కిలోమీటర్లు, నాలుగు ముప్పావు గంటలు. ఆ అంకెలో తప్పేమీ లేదు. కానీ అది షంషాబాద్‌కీ కువైట్ ఎయిర్‌పోర్టుకీ మధ్య లెక్క. మన వాళ్ళు బయల్దేరేది శివకోడు నుంచో, మలికిపురం నుంచో, అంతర్వేది నుంచో. అక్కడి నుంచి లెక్క ఏ ఫోనూ చెప్పదు. ఆ లెక్క తెలియక ఇబ్బంది పడేవాళ్ళని రోజూ చూస్తున్నాను కాబట్టి, కౌంటర్ దగ్గర విడివిడిగా చెప్పే మాటలన్నీ ఇక్కడ ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు ఆ 3,370 ఎలా వస్తుందో చెప్తాను. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం తీసుకుని, గుండ్రటి భూమి మీద వాటి మధ్య అతి దగ్గర దారి ఎంతో లెక్క కడతారు. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టుకుంటే అది ఎటు పడుతుందో అదే ఆ దారి. గోడకి తగిలించిన మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు, "సీటు ముందు టీవీలో చూస్తే విమానం ఉత్తరానికి పోతా ఉందమ్మా, భయమేసింది" అంటారు. భయపడక్కర్లేదు, దగ్గర దారే అది.

ఇంకో తికమక ఏంటంటే, ఆ దూరాన్ని మూడు రకాలుగా చూపిస్తారు. కిలోమీటర్లు, మైళ్ళు, నాటికల్ మైళ్ళు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఆకాశంలో దూరం 360 కిలోమీటర్లు. మైళ్ళలో 224, నాటికల్ మైళ్ళలో 194. ఒక కుర్రాడు ఫోను నా ముందు పెట్టి, "194 కిలోమీటర్లకి ఇంత రేటా మేడమ్" అని గట్టిగానే వాదించాడు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం అన్నమాట. ఓడలకీ విమానాలకీ ఆ కొలతే వాడతారు. మనం మాత్రం పక్కన కిలోమీటర్లు అని ఉందో లేదో చూసుకుని చదువుకోవాలి.

ఇక టైము. పెద్ద విమానమైతే కిలోమీటర్లని 800తో భాగించి, వచ్చినదానికి అరగంట కలుపుకోండి. నేను నోటి లెక్కగా చెప్పేది ఇదే. దుబాయ్ 2,550 కిలోమీటర్లు, లెక్క వేస్తే మూడు గంటల నలభై నిమిషాలు వస్తుంది. కువైట్‌కి నాలుగు ముప్పావు. ఆ అరగంట ఎందుకంటే, టికెట్ మీద వేసే టైము విమానం గాల్లో ఉన్న టైము ఒక్కటే కాదు. తలుపు మూసి, ఆగిన చోటి నుంచి కదిలిన దగ్గర్నుంచి, అవతల ఎయిర్‌పోర్టులో మళ్ళీ ఆగి ఇంజన్ ఆపేదాకా కలిపి వేస్తారు. రన్‌వే దాకా నేల మీద పోవాలి, ముందు వరసలో విమానాలుంటే ఆగాలి, నిదానంగా పైకి ఎక్కాలి, దిగే ముందు వేగం తగ్గించుకోవాలి. ప్రయాణం చిన్నదైనా పెద్దదైనా ఇవన్నీ తప్పవు. అందుకే దూరం తగ్గినంతగా టైము తగ్గదు. కువైట్ దూరం రాజమండ్రి–హైదరాబాద్ దూరానికి తొమ్మిది రెట్ల పైనే. టైము మాత్రం నాలుగు రెట్లే.

రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్‌కి ఎక్కువగా నడిచేవి ఏటీఆర్ విమానాలు. రెక్కల కింద రెండు ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి, డెబ్బై ఎనిమిది సీట్లుంటాయి, గంటకి 500 కిలోమీటర్ల వేగం. పెద్ద జెట్ విమానం ఎనిమిది వందల పైన పోతుంది. ఏటీఆర్‌కి నా లెక్కలో 800 బదులు 500 పెట్టుకోవాలి. 360ని 500తో భాగించి అరగంట కలిపితే గంటా పదమూడు నిమిషాలు. టికెట్ మీద కూడా ఇంచుమించు అంతే ఉంటుంది.

మొన్నామధ్య మా అమ్మాయి దగ్గరకి హైదరాబాద్ వెళ్తూ ఇది చేతి గడియారంతో చూసుకున్నాను. ఏటీఆర్‌కి ఎక్కే మెట్లు వెనక తలుపు దగ్గరుంటాయి. తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. ఎడమ పక్క కిటికీ కావాలని ముందే పెట్టించుకున్నాను. టికెట్ మీద గంటా పది నిమిషాలుంది. తలుపు మూశాక కదలడానికి నాలుగు నిమిషాలు, రన్‌వే చివరికి పోయి వెనక్కి తిరగడానికి ఐదు. చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి షంషాబాద్‌లో నేల తాకేదాకా యాభై రెండు నిమిషాలు. తర్వాత మెలికలు తిరుగుతూ పోయి ఆగడానికి ఇంకో ఎనిమిది. రెక్క కిటికీకి పైన ఉంటుంది కాబట్టి కింద అంతా కనపడుతుంది. పైకి లేచిన కాసేపటికి గోదావరి కనపడింది, దూరంగా ధవళేశ్వరం బ్యారేజీ, దాని కింద నది రెండుగా చీలడం, ఆ మధ్యన పచ్చగా మా కోనసీమ. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించిన చోటు అదేనని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, చూశాం. కానీ పై నుంచి చూస్తే ఆ ఒక్క గీత దగ్గర ఆగిన నీళ్ళు ఎంత నేలని తడుపుతున్నాయో ఒక్క చూపులో తెలిసింది. ఆ చీలిన పాయల మధ్యలో ఎక్కడో మా ఇల్లుంది. అక్కడి నుంచి ఈ విమానం దగ్గరకి రావడానికి నాకు పట్టిన టైము, ఈ విమానం హైదరాబాద్ చేరడానికి పట్టిన టైముకి రెండింతలు.

షంషాబాద్‌లో దిగేటప్పుడు ఒక్కోసారి పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. అక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి, తూర్పు నుంచి వెళ్ళే మన విమానం తిన్నగా వెళ్ళి దిగిపోతుంది. చలికాలంలో గాలి తూర్పు నుంచి ఉంటే ఎయిర్‌పోర్టు దాటి పడమరకి పోయి, వెనక్కి తిరిగొచ్చి దిగాలి. కిటికీలోంచి ఎయిర్‌పోర్టు కనపడి కూడా దాటిపోతుంటే పక్కనున్నాయన చాలా కంగారు పడ్డాడు. సంగతి చెప్తే కుదుటపడ్డాడు.

పైన వీచే గాలి ఇంకా పెద్ద సంగతి. ముప్పై, ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి ఉంటుంది. కువైట్ వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. అందుకే రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు తక్కువ. దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం 2016 అక్టోబరులో అట్లాంటిక్ వైపు కాకుండా తూర్పుకి తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్ళింది. దూరం 15,300 కిలోమీటర్లు, పాత దారి కంటే 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది, రెండు గంటలు కలిసొచ్చాయి. దూరం ఎక్కువైతే టైము ఎక్కువ అనేది ఆకాశంలో ప్రతిసారీ నిజం కాదు.

ఇప్పుడు ఎక్కువమంది పొరపడే చోటు. టికెట్ మీద వేసే బయల్దేరే టైము ఆ ఊరిది, చేరే టైము చేరిన ఊరిది. కువైట్, ఖతార్, సౌదీ మన కంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. హైదరాబాద్‌లో రాత్రి 8 గంటలకి బయల్దేరి 10.15కి కువైట్‌లో దిగుతుందని ఉంటుంది. మామిడికుదురు నుంచి వచ్చిన ఒకావిడ అది చూసి, "రెండుంపావు గంటలేనా, అయితే హైదరాబాద్ బస్సు కంటే దగ్గరేనండీ" అని ఎంతో సంతోషపడింది. అది కాదమ్మా అని చెప్పి, వేళ్ళ మీద లెక్క పెట్టించాను. తిరుగు టికెట్ మీద కువైట్‌లో రాత్రి 11కి ఎక్కి, హైదరాబాద్‌లో తెల్లారి 5.50కి దిగాలి. అది దగ్గర దగ్గర ఏడు గంటలు కనపడుతుంది. "వచ్చేటప్పుడు చుట్టూ తిప్పి తెస్తారా" అని అడిగింది. తిప్పరు. వచ్చేటప్పుడు పట్టేది నాలుగు గంటల ఇరవై నిమిషాలే, మిగతాది గడియారాల తేడా. అవతలి ఊళ్ళో దిగాక ఫోను చేసే టైము, మందులు వేసుకునే టైము దీని మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి నేను ప్రతి టికెట్ మీదా మన టైము కూడా పెన్నుతో రాసిస్తాను.

ఇక అసలు దూరం, షంషాబాద్ చేరడం. రాజోలు నుంచి మూడు దారులున్నాయి. ఏదీ తేలిక కాదు.

మధురపూడి ఎయిర్‌పోర్టుకి పోవాలంటే తాటిపాక, పి.గన్నవరం, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి, లాలాచెరువు మీదుగా వంద కిలోమీటర్లకి దగ్గర దగ్గర. కారులో రెండున్నర గంటలు. పి.గన్నవరం దగ్గర వైనతేయ, జొన్నాడ దగ్గర గౌతమి, రెండు పాయలు దాటాలి. రావులపాలెం ఎక్కేదాకా రోడ్డు కాలవ గట్టు వెంట, ఊళ్ళ మధ్య నుంచి పోతుంది. కొబ్బరికాయల లారీ ముందు పడితే దాని వెనకే. రావులపాలెం నుంచి హైవే కాబట్టి ఇబ్బంది లేదు. రెండో దారి విజయవాడ ఎయిర్‌పోర్టు. చించినాడ బ్రిడ్జి మీద వశిష్ఠ దాటి, పాలకొల్లు, భీమవరం మీదుగా మూడు గంటల పైనే. పాలకొల్లు, నరసాపురం వాళ్ళకి ఇది నయం, మాకు కాదు. (ఒక మాట. ఆ ఎయిర్‌పోర్టు ఉన్న ఊరి పేరూ గన్నవరమే. మాకు గన్నవరం అంటే అక్విడెక్టు, అదే నది మీదుగా కాలవని దాటించే వంతెన, ఉన్న పి.గన్నవరం. కారు మాట్లాడుకునేటప్పుడు విజయవాడ గన్నవరం అని విడమర్చి చెప్పండి.) విమానంలో పోతే విజయవాడ నుంచి హైదరాబాద్ ఇంకా దగ్గరే, కానీ రోడ్డు మీద పెరిగిన అరగంట, ముప్పావుగంట ఆకాశంలో కలిసొచ్చే పదిహేను నిమిషాలని మింగేస్తుంది.

మూడోది రాత్రి బస్సు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఎల్బీ నగర్. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి ఇంకో గంట. గల్ఫ్ వెళ్ళే మన ఆడవాళ్ళు ఎక్కువమంది పోయేది ఇలాగే. ఖర్చు తక్కువ, సామాను ఎంతున్నా గొడవ లేదు. సాయంత్రం విమానానికైతే నేను కూడా బస్సే చెప్తాను. పొద్దున్న విమానానికి మాత్రం చెప్పను. అర్ధరాత్రి ఎక్కడో టైరు పేలితే చేసేదేమీ ఉండదు. రైలు మా దీవిలోకి ఇంకా రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం పాయల్లో లేచిన స్తంభాలు పోతూ వస్తూ చూస్తూనే ఉన్నాం. అది వస్తే మా లెక్కలు చాలా మారతాయి. అందాకా పాలకొల్లో, నరసాపురమో, రాజమండ్రో పోయి ఎక్కాల్సిందే.

ఈ లెక్క ఎక్కడ ప్రాణం మీదకి వస్తుందో చెప్తాను. దూరం ఎంత అని అడిగే వాళ్ళలో చాలామంది నిజంగా అడిగేది అది కాదు. ఇంట్లో ఏదైనా అయితే ఎంతసేపట్లో రాగలను, అదీ వాళ్ళ మనసులో మాట. పైకి అనరు, అశుభమని.

మలికిపురం అవతల ఒక ఊళ్ళో పెద్దాయన తెల్లవారుజామున పోయారు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. పొద్దున్న ఆరింటికి నాకు ఫోను వచ్చింది. ఆయన బావమరిది మాట్లాడాడు. "నాలుగు ముప్పావు గంటలేనంటండి, ఫోనులో చూశాం. సాయంత్రానికి వచ్చేస్తాడు కదా, నాలుగింటికి తీద్దామనుకుంటున్నాం" అన్నాడు. ఆ గొంతులో తొందర ఇప్పటికీ గుర్తుంది. ఊళ్ళో పెద్దలు కూర్చుని ఉన్నారు, బంధువులకి కబురు వెళ్ళాలి, టైము చెప్పాలి. నేను చెప్పేదాన్ని బట్టి అంతా ఆగి ఉంది.

"తొందరపడి ఎవరికీ టైము చెప్పకండి బాబూ, ఒక్క పావుగంట ఇవ్వండి" అన్నాను. అప్పటికి కువైట్‌లో మూడున్నర. అబ్బాయి కఫీల్, అంటే అక్కడి యజమాని, లేచి ఒప్పుకోవాలి. పాస్‌పోర్టు అబ్బాయి చేతిలో లేదు, యజమాని దగ్గరుంది. అది చేతికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, పగటి విమానం అందదు. దొరికేది రాత్రి 11 గంటల విమానం. హైదరాబాద్‌లో తెల్లారి 5.50. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అయ్యి బయటికి రావడానికి ఏడు. 8.40కి రాజమండ్రి విమానంలో సీటుంది. 9.50కి మధురపూడి. అక్కడ కారు సిద్ధంగా పెడితే పన్నెండున్నర, ఒంటిగంటకి ఇల్లు. "రేపు మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి, ఫ్రీజర్ బాక్స్ ఇప్పుడే చెప్పేయండి" అన్నాను. ఫోనులో కాసేపు మాట లేదు. తర్వాత, "రేపటిదాకానా అక్కా" అన్నాడు. రేపటిదాకానే. పొద్దున్న ఆరింటి ఫోను నుంచి అబ్బాయి గుమ్మంలో దిగేసరికి ముప్పై గంటలు దాటాయి. అందులో విమానంలో గడిచింది ఐదున్నర గంటలే. చెప్పిన టైముకి ముందే వచ్చాడు, తండ్రి మొహం చూసుకున్నాడు, కొరివి పెట్టాడు.

ఇలాంటప్పుడు గంట అటూ ఇటూ చెప్తే జరిగేది చిన్న నష్టం కాదు. అందుకని నేను ఎప్పుడూ ఒక గంట ఎక్కువే కలిపి చెప్తాను. ఒక విషయం కువైట్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 2025 జూలై 1 నుంచి దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లోనే పని, కానీ అవతల యజమాని నొక్కాలి కదా. ఆ టైము కూడా మన లెక్కలో వేసుకోవాల్సిందే.

వరదల్లో సంగతి వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. లంకల్లో ఇళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. అంత పెద్ద వరదే అక్కర్లేదు, మామూలు వరదకే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది. దోహా నుంచి సెలవు మీద వచ్చిన కనకాయలంక అబ్బాయి ఒకడు కాజ్‌వే ఇవతల సూట్‌కేసు మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూశాడు. దోహా నుంచి హైదరాబాద్ దూరం 2,900 కిలోమీటర్ల పైన. అదంతా దాటేశాడు. అవతల గట్టున వాళ్ళమ్మ కనపడుతోంది, చెయ్యి ఊపుతోంది, మధ్యన ఆ కాస్త నీళ్ళు. పడవలో ముందు గర్భిణిని, ముసలివాళ్ళని దాటించాలి కాబట్టి తన వంతు కోసం ఆగాడు, అది న్యాయమే. కానీ అక్కడ ఎత్తుగా ఒక వంతెన ఉండి ఉంటే అనే మాట మా అందరిదీ. సఖినేటిపల్లి–నరసాపురం రేవు కూడా అంతే. పంటు మీద కొద్ది నిమిషాల్లో దాటే పాయ, వరదకి పంటు ఆపితే చించినాడ మీదుగా చుట్టూ తిరగాలి. ఆ వైపు వాళ్ళకి జూలై నుంచి సెప్టెంబరు దాకా నేను రెండు గంటలు అదనంగా వేస్తాను.

చలికాలంలో మంచు. డిసెంబరు, జనవరిలో తెల్లారగట్ల గోదావరి మీద నుంచి పొగమంచు కమ్మితే పొద్దున్న మొదటి విమానాలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి దిగలేక వెనక్కి పోతాయి. సంక్రాంతి రోజుల్లో సీట్లు దొరకవు, రేటు కూడా మండిపోతుంది. ఆ నెలల్లో షంషాబాద్ నుంచి గల్ఫ్ విమానం ఉంటే, పొద్దున్న మొదటి విమానం మీద ఆశ పెట్టుకోవద్దని చెప్తాను. ముందురోజే వెళ్ళి బంధువుల ఇంట్లో పడుకోండి.

రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. రాజమండ్రి–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–కువైట్ వేరే టికెట్ అయితే, మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరి బాధ్యతా ఉండదు. మా దగ్గర కాదు, వేరే చోట చవకగా దొరికాయని కొనుక్కున్న ఒకావిడకి మధ్యలో గంటా నలభై నిమిషాలే ఉంది. మంచుకి విమానం ఆలస్యమైంది, డబ్బంతా పోయింది. ఆ డబ్బు అప్పు చేసి తెచ్చింది. ఒకే టికెట్‌గా కొంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా మంచిది. విడిగా కొంటే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉంచుకోండి.

ఆకాశం కూడా ఎప్పుడూ తెరిచి ఉంటుందని అనుకోలేం. 2025 జూన్ 23 రాత్రి గొడవల వల్ల ఖతార్, కువైట్, బహ్రెయిన్ గగనతలం కొన్ని గంటలు మూసేశారు. దారిలో ఉన్న విమానాలు వేరే ఊళ్ళకి పోయాయి, కొన్ని వెనక్కి తిరిగాయి. ఆ రాత్రి మా ఫోను ఆగలేదు. అందరికీ ఒకటే చెప్పాను, ఎయిర్‌పోర్టులో ఉన్నవాళ్ళు అక్కడే ఉండండి, ఇంటి దగ్గరున్న వాళ్ళు మెసేజ్ వచ్చేదాకా బయల్దేరకండి అని. ఇలాంటి రోజుల కోసమే చేతిలో రెండు రోజుల మందులు, పాలు తాగే బిడ్డ ఉంటే పాలపొడి పెట్టుకోవాలి.

వచ్చే వారం అంతర్వేది వైపు నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కువైట్ వెళ్తున్నారు, మొదటిసారి. వాళ్ళ టికెట్ వెనకాల వెనక నుంచి ముందుకి లెక్క రాసిచ్చాను. షంషాబాద్‌లో విమానం రాత్రి 8కి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు, లైన్లుంటాయి కాబట్టి నాలుగున్నరకల్లా అక్కడ ఉండాలి. మధురపూడి నుంచి 1.50కి ఎక్కితే మూడింటికి హైదరాబాద్. మధురపూడిలో పన్నెండుకి ఉండాలి. రాజోలు తొమ్మిదికి దాటాలి. అంటే ఇంట్లో ఎనిమిదింటికి బయల్దేరాలి, టిఫిను కారులోనే. కువైట్‌లో దిగేసరికి అక్కడ రాత్రి పదింపావు, మనకి పన్నెండు ముప్పావు. గుమ్మం నుంచి కువైట్ ఎయిర్‌పోర్టు దాకా పదహారు ముప్పావు గంటలు, అందులో విమానాల్లో ఉండేది ఆరు గంటలకి ఐదు నిమిషాలు తక్కువ. అక్కడ ఇమిగ్రేషన్ లైను, తీసుకెళ్ళే మనిషి కోసం చూడటం, ఇంకో రెండు గంటలు వేసుకోమన్నాను. దిగగానే వాళ్ళ చేతిలో అక్కడి సిమ్ ఉండదు. అందుకని ఎయిర్‌పోర్టు వైఫై ఎలా పెట్టుకోవాలో చిన్నదానికి చూపించాను. వాళ్ళ నాన్నగారికి కూడా విడిగా చెప్పాను, తెల్లారి ఆరింటి లోపు ఫోను రాలేదని కంగారు పడొద్దని, అప్పటికీ రాకపోతే నాకు చేయమని.